పదకొండుమంది మేనేజర్లు

ఇంతవరకు నడిచిన కథ చిన్నదే. ధర్మవరంలో చెలువరాయ పట్టుమహల్ అని ఒక చీరల దుకాణం. అందులో పదకొండుమంది గుమాస్తాలు. ఎనిమిది నెలల కిందట చిన్న షావుకారు మురళి బెంగుళూరులో రెండు రోజుల శిక్షణకేదో పోయి వచ్చి, పదకొండుమందికీ తళతళలాడే అట్టముక్కలు పంచాడు. అందరి పేర్ల కిందా ‘మేనేజర్’ అని ఉంది. అందరూ లడ్డూలు తిన్నారు. ఆ వచ్చిన మంగళవారం, వారపు సెలవైనా, దుకాణం మూయలేదు. ఆపై మంగళవారమూ మూయలేదు. అడిగితే మురళి నవ్వి, వారపు సెలవు గుమాస్తాలకే గానీ మేనేజర్లకు కాదన్నాడు. లడ్డూ ఎంత ఖరీదైనదో అప్పుడు తెలిసొచ్చింది.

గుమాస్తాల సంఘం వాళ్ళు ఫిర్యాదు పెట్టారు. దాని మీద కార్మిక శాఖ నుంచి తనిఖీకి మనిషి వస్తుందని తెలిసి మురళి పదకొండు కాగితాలు టైపు చేయించాడు. ‘నేను మేనేజర్‌ను. వారపు సెలవు నాకు వర్తించదు’ అని వాటి సారాంశం. పదిమంది సంతకం పెట్టేశారు. పెట్టనిది ఒక్కతే, బిల్లులూ, నేతగాళ్ళ చీరలు చూసి చీటీలూ రాసే షహీన్. ఆ కాగితాన్ని సంచిలో వేసుకొని సాయంత్రం రైలుకు పెనుకొండ వెళ్ళిపోయింది. ఆమెను మనం అక్కడే వదిలిపెట్టాం.

సోమవారం పొద్దున షహీన్ తల దువ్వుకుంటూ ఒకటే ఆలోచిస్తోంది. సంతకం పెడితే మంగళవారం శాశ్వతంగా పోతుంది. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. మంగళవారం ఆమె చేసే ఘనకార్యమేమీ లేదు. తలంటుకొని, జుట్టు ఆరేదాకా మిద్దె మీద ఊరికే కూర్చునేది. అంతే. ఎనిమిది నెలలుగా జుట్టు రైలు కిటికీలో ఆరుతోంది. ఊరికే కూర్చోవడం మనిషి హక్కు అని ఏ పుస్తకంలోనూ రాయరు. రాయరు కాబట్టే దాన్ని లాక్కోవడం అంత సులువు.

ఇంకో తిప్పలు కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకోలేనిది. గుమాస్తా అన్న మాటంటే ఆమెకు సిగ్గు. పోయిన ఏడాది హిందూపురం సంఘం మీటింగులో కుర్రవాళ్ళు లేచి, ఈ పాతకాలపు పేరు తీసేసి మంచి ఇంగ్లీషు పేరు పెడదామంటే, చెయ్యెత్తిన వాళ్ళలో ఆమె కూడా ఉంది. ఇంట్లో వాళ్ళమ్మ షంషాద్‌బీ ఆ మేనేజర్ అట్టముక్కను వీధంతా చూపించి వచ్చింది. కూరగాయలు కొన్నప్పుడు కూడా చూపించింది. అర్ధ కేజీ వంకాయలకు రెండు కాయలు ఎక్కువే పడ్డాయట.

ఉగ్గాని తింటున్న నాయన షంషుద్దీన్‌కు కాగితం సంగతి రాత్రే తెలుసు. హిందూపురం చింతపండు మండీలో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి. కూతురి మొహం చూసి అడిగాడు.

“సంతకం పెట్టేదానికి భయమా, పెట్టకుండేదానికి సిగ్గా?”

“రెండూ నాయనా. అందరి ముందర నిలబడి నేను గుమాస్తాను అని చెప్పల్ల గదా. ఇప్పుడెవురంటాండారు ఆ మాట?”

షంషుద్దీన్ కోప్పడలేదు. పళ్ళెం పక్కన పెట్టి కథ మొదలుపెట్టాడు. అది పారశీకం మాట అన్నాడు. ఒకరి తరపున నిలబడమని పెట్టిన మనిషి అని దానర్థం. మండీకి వచ్చే ఒక ముసలి హజరత్ చెప్పాడట. కుంపిణీ దొరల కాలంలో మగ్గాల ఊళ్ళకు వాళ్ళు పంపిన మనిషి గుమాస్తా. అతను వస్తున్నాడంటే నేతగాడు ఇంటి వెనక నుంచి పారిపోయేవాడు. తర్వాత కచేరీల్లో కలం పట్టిన వాడు గుమాస్తా అయ్యాడు. పెళ్ళికి పిలిస్తే ముందు వరసలో కుర్చీ వేసేవాళ్ళు. ఆ తర్వాత వకీలు గుమాస్తా, మండీ గుమాస్తా, బట్టలకొట్టు గుమాస్తా. కుర్చీ పోయి చాప వచ్చింది. సర్కారు ఆఫీసుల్లో వాళ్ళు ఆ మాట విడిచేసి అసిస్టెంట్లయ్యారు. కంపెనీల్లో వాళ్ళు ఎగ్జిక్యూటివులయ్యారు. కొట్లలో వాళ్ళు ఇదిగో, మేనేజర్లవుతున్నారు.

పేరు పెరిగిన ప్రతిసారీ పనిగంటలు పెరిగాయి. ఎవరికి వాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకొని చూసుకోవచ్చు.

“దొరల కాలంలో ఆ మాటకు భయం ఉండె,” అన్నాడు షంషుద్దీన్. “కచేరీ కాలంలో మర్యాద ఉండె. మా కాడికి వచ్చేసరికి రెండూ లేవు బిడ్డా. అప్పుడు మేం పదహారుమందిమి చింతపండు బస్తాల మీద కూచోని, సంఘం పెట్టి, ఆ మాటనే బోర్డు మీద రాయించినాం. మంగళవారం సెలవు తెచ్చింది ఆ బోర్డు. షావుకారు గాదు, సర్కారూ గాదు. నువ్వు సంతకం పెడ్తావో లేదో నీ ఇష్టం. ఆ మాటను మాత్రం చిన్న చూపు చూడగాకు. అది నీకు అన్నం పెట్టిన దానికంటే సెలవు ఇచ్చింది ఎక్కువ.”

షంషాద్‌బీ వంటింట్లోంచి, మేనేజర్ అంటే మాత్రం ఏం తక్కువ అని గొణిగింది. షహీన్ సంచి తగిలించుకొని స్టేషన్‌కు పరుగెత్తింది. కాగితం ఇంకా సంచిలోనే ఉంది. సంతకం ఇంకా లేదు.

దుకాణంలో ఆ రోజు పెళ్ళివారి హడావిడి. మురళి గడపకు మామిడాకులు కట్టించాడు. పదకొండుమందికీ నీలం టై ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ళుగా పంచె కట్టిన తిమ్మప్పకు అది ఎలా కట్టుకోవాలో తెలియక, ఎద్దుకు పలుపు వేసినట్టు ముడి వేసుకున్నాడు. షహీన్ టైని బిల్లు పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంది.

తనిఖీకి వచ్చిన మేడం పేరు నీలావతి. యాభై దాటిన మనిషి. వచ్చీ రాగానే చెప్పులు విప్పి పరుపు మీద చతికిలబడింది. మురళి కుర్చీ చూపించాడు. చీరలు చూసేవాళ్ళు కూర్చునేది ఇక్కడే గదా అని ఆమె కదల్లేదు. పది సంతకాలున్న కాగితాలు చేతికివ్వగానే తిరగేసి, “ఒకటి తక్కువ ఉండాదే,” అంది.

“వస్తుంది మేడం, మా బిల్లింగ్ మేనేజర్‌ది,” అన్నాడు మురళి షహీన్ వంక చూస్తూ. ఆ చూపులో రేపటి ఉద్యోగం ఉంది.

నీలావతి కాగితాలు పక్కన పెట్టి ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టింది. తిమ్మప్ప పర్చేజ్ మేనేజర్. చీరలు మడత పెట్టే అతను ఫోల్డింగ్ మేనేజర్. వాకిట్లో నిలబడి రండమ్మా రండి అనే అతను ఎంట్రన్స్ మేనేజర్. అందరూ నేర్పిన పాఠం తప్పకుండా చెప్పారు. ఆమె ప్రతి ఒక్కరినీ అడిగింది ఒకే ప్రశ్న. మీ కింద ఎంతమంది పని చేస్తారు?

 పదకొండుమంది కళ్ళూ మెల్లగా ఒకే మూలకు తిరిగాయి. అక్కడ పార్వతమ్మ చీపురు పట్టుకొని నిలబడి ఉంది. మురళి అందరికీ బిరుదులు పంచినప్పుడు ఈమె లెక్కలోకే రాలేదు. ఏ రిజిస్టరులోనూ ఆమె పేరు లేదు.

“నన్నేం చూస్తారప్పా?” అంది పార్వతమ్మ. “నా కింద ఎవురూ లేరు. నా పైన పదకొండుమంది ఉండారు. ఒకాయన ఈడ ఊడ్చమంటాడు, ఒకాయన ఆడ తుడవమంటాడు. ఎనిమిది నెల్లుగా ఊడ్చేది ఒక్కతే, చూపించేది పదకొండు వేళ్ళు.”

ఫోల్డింగ్ మేనేజర్ నవ్వు ఆపుకోలేక చీరలో మొహం దాచుకున్నాడు. నీలావతి మాత్రం నవ్వలేదు. తన సంగతి చెప్పింది. వాళ్ళ నాయన తాలూకా కచేరీలో గుమాస్తా. అదే కచేరీలో తాను చేరేనాటికి ఆ ఉద్యోగం పేరు జూనియర్ అసిస్టెంట్. కుర్చీ అదే, ఫ్యాను అదే, అది తిరగకపోవడమూ అదే. “కాబట్టి పేరు చూసి మోసపోయేదాన్ని గాను. పని చూస్తా. అయితే పదిమంది సంతకం పెట్టినారు. మీరే నోరు తెరవకపోతే నేను చేసేదేం లేదు.”

పదిమంది నేల చూపులు చూశారు. తిమ్మప్ప టై ముడి సవరించుకున్నాడు. అది మరింత బిగిసింది.

సరిగ్గా అప్పుడు తాడిమర్రి నుంచి మగ్గం నేసే ఒకాయన చంకలో చీర పెట్టుకొని లోపలికి వచ్చాడు. తనిఖీ గినిఖీ అతనికి తెలియదు. నేరుగా షహీన్ బల్ల దగ్గరికి పోయి, “గుమాస్తమ్మా, నాది ముందర చూడు తల్లీ, బస్సు పోతాది,” అన్నాడు.

“ఉండన్నా, వస్తాండా,” అని షహీన్ లేచేసింది. లేచిన తర్వాత గానీ తాను ఏ పిలుపుకు పలికిందో ఆమెకు తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

మురళి గొంతు సవరించుకొని, ఇక్కడ గుమాస్తాలు లేరు, ఆమె మేనేజర్ అని నేతగాడికి నచ్చజెప్పబోయాడు. ఆయన చీరను వెనక్కి లాక్కున్నాడు.

“మేనేజర్ అయితే నాకొద్దప్పా. మేనేజర్ అంటే బ్యాంకులో ఉండేటోడు, రేపు రా అనేటోడు. నా చీరలో పోగు తప్పిందంటే నా మొహం మీదే చెప్పి, బాగుందంటే షావుకారు ఎదుట నా తరపున నిలబడి చీటీ రాసిచ్చేది గుమాస్తా. ఆ చీటీ ఉంటేనే షావుకారు నా చీర కొంటాడు. మా నాయన కాలం నుంచి అదే పద్ధతి.”

షహీన్ ఆ చీరను వెదురు కర్ర మీద వేసి వెలుతురుకు పట్టింది. చేతులు చూపు కంటే ముందు పోతున్నాయి. అంచు దగ్గర ఒక పోగు తెగి ఉంది. చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. మిగతాది మంచి నేత అని చీటీ రాసి సంతకం పెట్టింది. పొద్దున నాయన చెప్పింది అప్పుడామెకు తట్టింది. ఒకరి తరపున నిలబడే మనిషి. ఒకప్పుడు నేతగాడు విని పారిపోయిన మాటనే ఈయన వెతుక్కుంటూ తాడిమర్రి నుంచి వచ్చాడు. ఆ మాటను మార్చింది దొరలు కాదు. ఇలా చీటీలు రాసిన వేల చేతులు మార్చాయి. సిగ్గుపడవలసింది ఆమె కాదు.

ఆయన చీటీ తీసుకొని బస్సుకు పోయాడు. ఈమె చేసే పని ఏదో చూద్దామని నీలావతి చీటీ పుస్తకం చేతిలోకి తీసుకుంది.

మురళికి చెమట పట్టింది. చెమట పట్టినప్పుడు యజమానులు ఎక్కువ మాట్లాడతారు. కింద మనుషులు లేకపోయినా వీళ్ళకు పూర్తి అధికారం ఉందని, తాను వేలు పెట్టనే పెట్టనని అన్నాడు. అది రాసిస్తావా అని నీలావతి అడిగింది. ఎన్నిసార్లయినా అన్నాడు. మంచి దస్తూరి ఎవరిదంటే అందరూ షహీన్‌నే చూపించారు. మురళి చెబుతుంటే ఆమె రాసింది. దుకాణం ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, ఎవరు ఏ రోజు రావాలి అన్నది ఈ పదకొండుమంది మేనేజర్లే నిర్ణయిస్తారు. యజమానికి ఇందులో జోక్యం లేదు. ఇంకా గట్టిగా రాయి అన్నాడు. ఆమె ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ అని చేర్చింది. మురళి ముచ్చటపడి సంతకం పెట్టాడు. దుకాణం ముద్ర కూడా వేశాడు.

షహీన్ సిరా ఆరేదాకా ఊదింది. తర్వాత లేచి నిలబడింది.

“మేడం, అధికారం మాదే అని సార్ రాసిచ్చినాడు. మీరు ఈడ ఉండంగానే మేనేజర్ల మీటింగు పెడతాండాం. రేపు మంగళవారం. దుకాణం మూయల్లని నేనంటాండా. ఒప్పుకునేటోళ్ళు చెయ్యెత్తండి.”

 ఆమె చెయ్యి ఒక్కటే పైన ఉంది. చాలాసేపు ఒక్కటే ఉంది. ఎంట్రన్స్ మేనేజర్ వాకిట్లోంచి చెయ్యెత్తాడు. చీరల చాటు నుంచి ఫోల్డింగ్ మేనేజర్ చెయ్యి లేచింది. మూడు, ఐదు, ఎనిమిది. చివరికి తిమ్మప్ప ఒక్కడే మిగిలాడు. మురళిని చిన్నప్పుడు భుజాన మోసిన మనిషి. మురళి అతని వంకే చూస్తున్నాడు.

తిమ్మప్ప టై లాగి పరుపు మీద పడేశాడు. “అప్పా మురళీ, పెద్ద షావుకారు ఓబుళప్ప ఉన్నన్నాళ్ళూ మంగళవారం మూసినాం. దుకాణం మునిగిపోలేదు. నువ్వు అప్పుడు నా భుజం మీద కూచోని ఆ తాళం చూసినోడివే,” అని చెయ్యెత్తాడు.

లెక్కలోకి రాకపోయినా పార్వతమ్మ కూడా చీపురు పైకెత్తింది.

నీలావతి మురళిని చూసింది. ఇప్పుడాయన కాదంటే వీళ్ళు మేనేజర్లు కారు. ఔనంటే రేపు తాళం. మధ్యలో నిలబడడానికి చోటు లేదు.  మురళి నోరు తెరిచేసరికి అరుపు వచ్చింది.

“ఈళ్ళెవురు దుకాణం మూసేదానికి? గుమాస్తాలు! ముష్టి గుమాస్తాలు!”

“మొదటి మాట చాలు, రెండోది నేను రాసుకోను,” అని నీలావతి పెద్ద రిజిస్టరు తెరిచింది. ఒక్కొక్క పేరూ అడిగి ఎదుట గుమాస్తా అని రాసుకుంటూ పోయింది. తిమ్మప్ప, గుమాస్తా. ఇరవై ఆరేళ్ళు. వారపు సెలవు మంగళవారం. పేరు పడిన ప్రతివాడూ టై విప్పి కుప్పలో వేశాడు. పార్వతమ్మ పేరు కూడా పడింది. బతుకులో మొదటిసారి తన పేరు ఇంకొకరు రాస్తుంటే ఆమె దగ్గరికొచ్చి, చదవడం రాకపోయినా, చివరిదాకా చూసింది. ఎనిమిది నెలల సెలవులకు బదులు సెలవులివ్వాలని నోటీసు వస్తుందని నీలావతి చెప్పింది. ఎవరో లడ్డూలు తెప్పిద్దామన్నారు. లడ్డూలు మాత్రం వద్దని అందరూ ఒక్కసారే అన్నారు.

రిజిస్టరులో షహీన్ వరస ఒక్కటే ఖాళీగా మిగిలింది. మురళి అప్పటికి చల్లబడ్డాడు. చల్లబడిన యజమాని అరిచే యజమాని కంటే ప్రమాదం. షహీన్ బల్ల మీద చెయ్యి ఆనించి మెత్తగా మాట్లాడాడు. పదిమందీ గుమాస్తాలే, ఒప్పుకున్నాను. కానీ ఈ పిల్లకు తల ఉంది. ఈమె నిజంగానే మేనేజర్. ఈ రోజు నుంచి ఆ పదిమందీ ఈమె కిందే. లోపల ఉన్న ఆ గాజు గది ఈమెదే. సెలవు ఎవరికి ఎప్పుడో ఈమే రాస్తుంది. అయితే గుమాస్తాల సంఘంలో మాత్రం ఉండకూడదు. మేనేజర్‌కు మంగళవారం కూడా ఉండదు.

పదిమందీ ఆమె వంక చూశారు. ఎవరి చూపులోనూ కోపం లేదు. తీసుకుంటే తప్పనేవాళ్ళు కూడా లేరు. గాజు గది ఎవరికి చేదు? ఇంట్లో షంషాద్‌బీ ఇంకో వీధి కూడా తిరిగి రావచ్చు.

నీలావతి పెన్ను ఎత్తి పట్టుకుంది. “నిన్నేమని రాయల్ల తల్లీ?”

“పెన్ను ఇట్లియ్యండి మేడం. నేనే రాసుకుంటా.”

బిల్లులు రాసే ఆ గుండ్రటి దస్తూరితో, తన పేరు ఎదుట, ఎక్కడా తొందరపడకుండా షహీన్ రాసింది. గుమాస్తా. సంచిలోంచి సంతకం లేని కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, పార్వతమ్మకు పని పెట్టడం ఇష్టం లేక తన చేత్తోనే బుట్టలో వేసింది.

మురళి తల ఊపాడు. కోపం కూడా రాలేదు. “మంచిది. గుమాస్తాను యాడికైనా బదిలీ చేయొచ్చు గదా మేడం?”

చేయొచ్చు, అది యజమాని హక్కే అని నీలావతి ఒప్పుకోక తప్పలేదు.

“అయితే రాసుకోండి. షహీన్, గుమాస్తా, బుధవారం నుంచి హిందూపురం దుకాణం.”

తిమ్మప్ప నొసలు ముడివేశాడు. “హిందూపురంలో మనకు దుకాణం యాడుండాదప్పా?”

“బుధవారం నుంచి ఉంటుంది,” అన్నాడు మురళి. “ఈడ పదకొండు చేతులు లేచినాయి. ఆడ లేచేదానికి ఇంకో చెయ్యి ఉండదు. ఆ దుకాణానికంతా ఈమె ఒక్కతే.”

  పార్వతమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చి, మేడం రిజిస్టరు మీద తన పేరున్న చోట వేలు పెట్టింది.

“ఈ పేరు గూడా హిందూపురానికి మార్చమ్మా. కొత్త దుకాణమంటాండాడు, ఊడ్చకుండా యాడ తెరుస్తాడు?”